సీరియల్ బైండ్లు, ఆకుపచ్చ సిరా, మా కర్నూలు వీధి

మొన్న ఆఫీసు రిజిస్టర్లు బైండింగ్‌కి ఇవ్వాల్సొచ్చి అనంతపురం పాతూరులో ఒక చిన్న షాపుకి పోయినాను. షాపాయన అప్పుడే స్టవ్ మీద మైదా జిగురు ఉడకబెడుతున్నాడు, పురుగు పట్టకుండా అందులో ఇంత మైలతుత్తం వేసి కలుపుతున్నాడు. ఆ వాసన ముక్కుకు తగలడంతోనే మా కర్నూలు ఇల్లు, ఎండాకాలం సెలవులు, వసారా నిండా పరిచిన వీక్లీ కాగితాలు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చేసినాయి. రిజిస్టర్లు ఇచ్చేసి వచ్చేయాల్సిన దాన్ని అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయినాను. ఇంటికొచ్చినాక కూడా అదే ధ్యాస, రాసి పెట్టుకుందామని కూర్చున్నా.

మా చిన్నప్పుడు మా వీధిలో నవలలు కొనే ఇళ్ళు చాలా తక్కువ, తయారు చేసుకునే ఇళ్ళే ఎక్కువ. వీక్లీలో సీరియల్ మొదలైన రోజు నుంచి ఒక్క సంచిక కూడా పోకుండా అమ్మ బీరువా కింద అరలో దాచేది. సీరియల్ అయిపోయినాక ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అన్నీ బయటికి తీసి పిన్నులు పీకి సీరియల్ పేజీలు మాత్రం వేరు చేసి వరసలో పెట్టేది, ఆ వరస చూసే పని నాది, ఒక్క వారం తారుమారైతే మళ్ళీ మొదటి నుంచి. తర్వాత దబ్బనంతో మూడు చోట్ల పొడిచి పురికొస దూర్చి బిగించి, వీపు మీద పాత జాకెట్ గుడ్డ ముక్క, అట్టలకి పెళ్ళిపత్రికలో క్యాలెండర్ అట్టలో, పైన జిగురు. రాత్రంతా రోలు కింద పెడితే తెల్లారేసరికి పుస్తకం అయ్యేది. పైన స్కెచ్ పెన్‌తో నవల పేరు, కింద రాసినవాళ్ళ పేరు, దాని కింద బొమ్మలు వేసినవాళ్ళ పేరు కూడా రాసేది అమ్మ. బాపు బొమ్మలున్న సీరియల్ బైండు ఒక మెట్టు పైన, చంద్ర బొమ్మలు, బాలి బొమ్మలు ఉన్నవి వేరే వరస, అట్లా ఉండేవి మా ట్రంకు పెట్టెలో.

ఆ బైండుల్లో నాకు భలే ఇష్టమైంది ఇంకోటుంది. సీరియల్ పేజీకి వెనకవైపు ఇంకేదో ఉంటుంది కదా, సగం వంట, సగం రాశిఫలాలు, వేరే కథలో ఒక ముక్క. ఒక కథలో ఒకామె ఉత్తరం చింపబోతూ ఉంటుంది, అక్కడితో పేజీ అయిపోతుంది, మిగతా పేజీ పాత పేపర్ల వాడికి వెళ్ళిపోయింది. ఆమె ఆ ఉత్తరం చింపిందో లేదో నాకిప్పటికీ తెలీదు.

మాది కొండారెడ్డి బురుజుకి కాస్త దూరంలో పాతబస్తీలో ఇరుకు వీధి. ఒక్కో ఇంట్లో ఒక్కో వీక్లీ వేయించుకునేవాళ్ళు, అది మాట్లాడుకుని చేసుకున్న ఏర్పాటే. మా ఇంటికి ఆంధ్రప్రభ, మేడ మీద అద్దెకుండే టీచరమ్మకి ఆంధ్రజ్యోతి, ఎదురింటి కంపౌండర్ గారింట్లో ఆంధ్రభూమి. 1984లో స్వాతి వారపత్రికగా కూడా రావడం మొదలయ్యేసరికి అది ఎవరు వేయించుకోవాలనే దాని మీద కొళాయి దగ్గర ఎంత చర్చ జరిగిందో. చివరికి మూలింటి అవ్వ, ఆమెకి చదువే రాదు, 'నా మనవరాలు సదువుతాది, నేను ఏపిచ్చుకుంటాలే' అని ఒప్పుకుంది. ఇక మోసేది పిల్లలం. ఇంట్లో చదవడం అయిపోయినాక పక్కింటికి, అక్కడి నుంచి ఇంకో ఇంటికి. అందరికంటే ముందు చదివినవాళ్ళు కథ బయటపెట్టకూడదు, అది మా వీధి రూలు. 'ఈ వారం ఉండాదిలే' అని మాత్రం చెప్పొచ్చు. ఆ 'ఉండాదిలే' అనే తీరులోనే ఎవరైనా చచ్చిపోయినారా, పెళ్ళి ఆగిపోయిందా అనేది ఊహించుకునేవాళ్ళం.

నీళ్ళొచ్చేది ఎప్పుడో చెప్పలేని కాలం అది, బిందెలు లైన్లో పెట్టి ఆడవాళ్ళంతా అరుగుల మీద కూర్చునేవాళ్ళు. నవలల మీద నేను విన్న మొదటి విమర్శలన్నీ అక్కడివే. టీచరమ్మది పద్ధతైన మాట. ఈ రచయిత్రి పోయినసారి రాసినదానికంటే ఇది ఎందుకు బాగుంది, ఏ పాత్ర కావాలని తెచ్చి అతికించినట్టుంది, అట్లా విడమరిచి చెప్పేది. కంపౌండర్ గారి భార్యని మేం అత్తా అనేవాళ్ళం, ఆమె దారి వేరు. ముందు మన మొహం చూస్తుంది. 'నీకిప్పుడు పరీక్షలు, ఇది సదివితే ఏడుపొస్తాది, అయిపోయినాక ఇస్తాలే' అని బైండు మళ్ళీ లోపల పెట్టేసేది. మా పిన్నికి పెళ్ళిసంబంధం తప్పిపోయిన వారం ఆమె మా ఇంటికి ఒక మల్లాది నవల తెచ్చి పెట్టిపోయింది, ఒక్క మాట కూడా మాట్లాడలా. మా పిన్ని ఆ సాయంత్రం వంటింట్లో కూర్చుని చదువుతూ నవ్వడం మొదలుపెట్టింది, ఆ వారంలో ఆమె నవ్వడం అదే మొదటిసారి. అట్లా మనిషిని చూసి పుస్తకం ఎంచడం నేను ఆ తర్వాత ఎక్కడా చూడలేదు. ఇప్పుడు ఫోనులో చుక్కలు చూసి కొంటున్నాం, అయిదు చుక్కల్లో నాలుగున్నర వచ్చిందంటారు, ఎవరికి వచ్చింది, ఏ పరిస్థితిలో ఉన్నవాళ్ళకి నచ్చింది అనేది ఆ చుక్కలు చెప్పవు.

ఆపా, అంటే ఉర్దూలో అక్క, ఆమె గురించి చెప్పకపోతే ఇది రాసి లాభం లేదు.

ఖడక్‌పురా వైపు నుంచి వచ్చి మా వీధి మొదట్లో ఇల్లు తీసుకుని జాకెట్లు కుట్టేది ఆపా. ఉర్దూ చదువుతుంది, తెలుగు మాట్లాడుతుంది, తెలుగు చదవడం మాత్రం రాదు. మధ్యాహ్నం భోజనాలైనాక ఆమె మిషను పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని పైకి చదివేది నేను. మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, కథ కాస్త బిగువుకి వచ్చేసరికి తొక్కడం నెమ్మదిస్తుంది, అసలు ఘట్టం వచ్చినప్పుడు పూర్తిగా ఆగిపోతుంది. ఆ మిషను ఆగిందంటే రాసినవాళ్ళు గెలిచినట్టే. కొన్ని సీరియల్స్‌కి మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి కూడా ఆగలా, అవి మా అమ్మ బైండు కూడా చేయలేదు.

యద్దనపూడి సులోచనారాణి గారి సెక్రటరీ మా అమ్మ పెళ్ళికి ముందు నుంచి దాచుకున్న నవల. దాన్ని ఆపాకి చదివి వినిపించమని అమ్మే పంపింది. రాజశేఖరం కారు దిగడం, జయంతి ఆత్మాభిమానం, ఇవన్నీ వింటూ ఆపా ఒకచోట నన్ను ఆపి, 'ఆ పిల్ల ఉద్యోగం చేస్తాంది సూడు బేటీ, సొంత జీతం, అందుకే అట్ల తలెత్తి మాట్లాడతాంది' అంది. మా వీధిలో అందరూ రాజశేఖరం గురించి మాట్లాడేవాళ్ళే, జీతం గురించి మాట్లాడింది ఆపా ఒక్కతే. తన కుట్టు డబ్బులతో ముగ్గురు పిల్లల్ని సాకిన మనిషి, ఆమెకి కనపడింది అది. తర్వాత నేను ఉద్యోగంలో చేరి మొదటి జీతం తీసుకున్న రోజు నాకు గుర్తొచ్చింది ఆ మాటే.

యండమూరి వీరేంద్రనాథ్ గారి తులసిదళం సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఆంధ్రభూమిలో వస్తున్నన్నాళ్ళూ మా వీధిలో పిల్లల్ని చీకటి పడినాక బయటికి పంపేవాళ్ళు కాదు. అది నేను స్వయంగా చదివే వయసు కాదు, మా పిన్ని చదువుతుంటే తలుపు చాటు నుంచి విన్నదాన్ని. ఆ చిన్నపిల్ల తులసికి ఏమవుతుందో అని మా అవ్వ వారం వారం దీపం పెట్టేది, నిజంగా. చేతబడి ఉందా లేదా అని కొళాయి దగ్గర రెండు పార్టీలైనాయి. టీచరమ్మ, ఇది సైన్సుతో కూడా చెప్పొచ్చు, రచయిత రెండు దారులూ తెరిచిపెట్టినాడు, అదే గొప్పతనం అనేది. కంపౌండర్ గారింటి అత్త, 'మీరు పుస్తకాలు సదివినోళ్ళు, మీకేం తెలుసు' అనేది. యండమూరి నవలలు బాగున్నాయా లేదా అనే వాదన నేను తర్వాత కాలేజీలో, ఆఫీసులో, పెళ్ళిళ్ళలో ఎన్నో విన్నాను, అంత మనసు పెట్టి జరిగిన వాదన మాత్రం మళ్ళీ వినలేదు, ఎందుకంటే వాళ్ళందరికీ ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

ఆపా నన్ను తరచుగా అడిగిన ప్రశ్న ఒకటుంది. 'ఈ కథలన్నీ విజయవాడ, హైదరాబాదు, మద్రాసు. మన కర్నూలు ఎందుకు రాదు బేటీ?' అని. రాజధానిగా కూడా ఉన్న ఊరు కదా, 1953 నుంచి 56 దాకా ఆంధ్రరాష్ట్రానికి, అప్పుడు డేరాల్లో ఆఫీసులు నడిచినాయని తాత చెప్పేవాడు, అట్లాంటి ఊర్లో ఒక్క కథా జరగదా అని ఆమె బాధ. నా దగ్గర జవాబు లేదు. టీచరమ్మని అడిగితే, 'రాసేవాళ్ళు ఉన్నారు, వీక్లీల్లో సీరియల్‌గా వచ్చేది తక్కువ' అంది.

మా మామ ఆర్టీసీలో కండక్టరు, కర్నూలు కడప సర్వీసు. ఆయనకి వీక్లీలు పడవు, వారం వారం ఆగడం ఆయన వల్ల కాదు, అందుకని చతుర. ఈనాడు వాళ్ళది, 1978లో మొదలైంది, నెలకొక పూర్తి నవల, బస్టాండు బుక్ స్టాల్లో కొనుక్కుంటే నైట్ హాల్ట్‌లో అయిపోతుంది. ఆయన చదివింది కడప డిపో రెస్ట్ రూములో వదిలి వచ్చేవాడు, అక్కడి కండక్టర్ ఒకాయన చదివి మళ్ళీ కర్నూలు బండికి పంపేవాడు, లోపల వాడేసిన టికెట్ బుక్కు అట్ట మీద అభిప్రాయం రాసి పెట్టి. 'తమ్మీ, తండ్రి పాత్ర సరిగ్గా మా నాయన మాదిరే. పోయిన నెలది నాకు నచ్చలేదు, నీకెట్లా నచ్చిందో రాయి' అని ఉండేది అందులో. మా మామ కూడా అట్లాగే జవాబు రాసి పంపేవాడు. ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడింది ఎప్పుడో అరుదుగా, డ్యూటీలు కలిసేవి కాదు. మామ రిటైరైన రోజు కడపాయన సొంత ఖర్చుతో బస్సెక్కి వచ్చినాడు, చేతిలో పాత చతురల కట్టతో. ఇద్దరూ మా వసారాలో కూర్చుని పొద్దుపోయేదాకా మాట్లాడుకున్నారు, ఒక్క డిపో మాట లేదు, అంతా నవలలే.

ఇక అద్దె లైబ్రరీ. హైస్కూలుకి పోయే దారిలో చిన్న గది, మూడు వైపులా నేల నుంచి కప్పు దాకా పుస్తకాలు, అన్నిటికీ ఖాకీ అట్ట, వీపు మీద నంబరు. రోజుకి పావలా, లావుదైతే అర్ధరూపాయి, డిపాజిట్ వేరే. లైబ్రరీ సారు నవలలు చదివి ఇచ్చేవాడు, వ్యాపారం కోసం పెట్టుకున్నవాడు కాదు. ఏదైనా తీసుకుంటే 'ఇది నీకు ఇప్పుడొద్దు పాపా, ఇంకో రెండేళ్ళాగు' అని లాక్కుని వేరేది ఇచ్చేవాడు, దాని అద్దె తక్కువైనా సరే. చదివి తిరిగి ఇచ్చేటప్పుడు ఊరికే పెట్టిపోతే ఒప్పుకోడు, 'ఎట్లుంది? ఎవరు నచ్చినారు? ఎందుకు?' అని అడిగి నోట్‌బుక్కులో నా పేరు పక్కన ఏదో గుర్తు పెట్టుకునేవాడు. ఆ గుర్తుల్ని బట్టే తర్వాతి పుస్తకం ఇస్తున్నాడని నాకు చాలా కాలానికి అర్థమైంది.

ఆ లైబ్రరీ పుస్తకాల్లో అంచులన్నీ రాతలే. సూపర్ అని ఒకరు, చెత్త అని ఇంకొకరు, వాళ్ళిద్దరికీ మధ్యలో మూడో మనిషి తీర్పు. హీరోయిన్ ఏడ్చిన చోటల్లా ఎవరో పెన్సిల్‌తో గీత గీసేవాళ్ళు. వీళ్ళందరిలో ఆకుపచ్చ సిరాతో రాసే మనిషి ఒకరుండేవాళ్ళు, ఆడో మగో తెలీదు, గుండ్రటి అక్షరాలు. ఎప్పుడూ చివరి అట్ట లోపలివైపు ఒకే ఒక వాక్యం. 'నూరో పేజీ దాకా ఓపిక పట్టండి, తర్వాత మీరే ఆగరు.' 'ముగింపు నచ్చలేదు, అయినా తల్లి కోసం చదవండి.' 'ఇది రాత్రి మొదలుపెట్టకండి, పొద్దున పనులుంటాయి.' కథ మాత్రం ఎప్పుడూ చెప్పరు. నేను పుస్తకం తీయగానే ముందు వెనక అట్ట చూసేదాన్ని, ఆకుపచ్చ సిరా ఉంటే కళ్ళు మూసుకుని తీసుకునేదాన్ని. ఆ సిరా మనిషి మాట నాకు తప్పింది లేదు. ఒకసారి ఒక నవల వెనక నేను కూడా బాల్‌పెన్నుతో 'మీరు చెప్పింది నిజం, తల్లి చాలా బాగుంది' అని రాసినాను. కొన్నాళ్ళకి అదే పుస్తకం మళ్ళీ తీసి చూస్తే కింద ఆకుపచ్చగా 'సంతోషం' అని ఉంది. ఆ రోజు స్కూల్లో ఏ పాఠం చెప్పినారో నా బుర్రకెక్కలేదు. లైబ్రరీ సారుని ఎవరది అని అడిగితే 'పుస్తకం బాగుందా లేదా, నీకది చాలు' అన్నాడు.

అద్దె కూడా కష్టమైన నెలల్లో జిల్లా గ్రంథాలయానికి పంపేది అమ్మ. 'మన ఇంటిపన్నులోనే గ్రంథాలయం సెస్సు పట్టుకుంటారు, అది మన డబ్బే, పోయి తెచ్చుకో' అనేది. ఆ సెస్సు ఇప్పుడు పన్నులో రూపాయికి 8 పైసలు. గ్రంథాలయోద్యమంలో అంత పని చేసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు పుట్టింది మా కర్నూల్లోనే అని అక్కడి గుమాస్తా గర్వంగా చెప్పేవాడు, కార్డు మీద స్టాంపు వేస్తూ ప్రతి కొత్త పిల్లకీ చెప్పేవాడు.

కె.వి.ఆర్. కాలేజీలో చేరినాక చదివేవి మారినాయి, చెప్పేవాళ్ళూ మారినారు. హాస్టల్లో ఉండే ఒక సీనియర్ అక్క నాకు ఏడు తరాలు ఇచ్చింది. ఆఫ్రికా నుంచి అమెరికాకి బానిసగా పట్టుకుపోయిన కుంటా కింటే, అతని తర్వాతి తరాల కథ, అలెక్స్ హేలీ రూట్స్‌కి సహవాసి గారి తెలుగు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్ళు వేసింది. ఆ అక్కది వ్యవసాయ కూలీల కుటుంబం. పుస్తకం నా చేతిలో పెట్టి, 'కుంటా కింటే పేరు మార్చుకోనంటాడు, ఆ పేజీ దగ్గర ఒక్కదానివే ఉండు, పక్కన ఎవరూ లేకుండా సూసుకో' అని మాత్రం చెప్పింది. నేను మిద్దె మీద నీళ్ళ ట్యాంకు పక్కన చదివినాను. ఆ అక్క ఎందుకట్లా చెప్పిందో ఆ పేజీ దగ్గర తెలిసింది. తిరిగి ఇచ్చేటప్పుడు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేకపోయినాం, ఊరికే చేయి పట్టుకుంది.

విశాలాంధ్ర పుస్తకాల వ్యాన్ వచ్చినప్పుడు మాకు పండగ. సోవియట్ పుస్తకాలు, మంచి కాగితం, గట్టి అట్ట, ధర చూస్తే నమ్మలేనంత తక్కువ. గోర్కీ అమ్మ అక్కడే కొన్నాను. 1991లో సోవియట్ యూనియన్ పోయినాక ఆ పుస్తకాల రాక ఆగిపోయింది. అప్పుడు మా తెలుగు మేడం చెప్పింది, అట్లాంటి పుస్తకాలు తెలుగు చేయడానికి మాస్కో పోయి పనిచేసినవాళ్ళలో మన కడప రాచమల్లు రామచంద్రారెడ్డి గారు కూడా ఉన్నారని. అందరూ రారా అని పిలిచే ఆయన పేరు నేను మొదట విన్నది అప్పుడే. ఆయన అనువాద సమస్యలు పుస్తకానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడెమీ వచ్చింది. మేడం సారస్వత వివేచన తెచ్చి ఇచ్చి, పుస్తకం బాగుందనడానికి కూడా కారణం చెప్పాల్సి ఉంటుందని ఆయన దగ్గర నేర్చుకోండి అంది. ఆ మాట నాకు కొత్తగా అనిపించలేదు, ఎందుకు నచ్చిందో చెప్పకపోతే లైబ్రరీ సారు పుస్తకమే వెనక్కి తీసుకునేవాడు కాదు కదా.

మేడం బుచ్చిబాబు గారి చివరకు మిగిలేది చదివించిన తీరు కూడా చెప్పాలి. అందరం అది కష్టమని భయపడి పక్కన పెట్టేసినాం. ఆమె క్లాసులో, 'వాన పడితే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం వజ్రాలకి వెతుకుతారే, చూసినారా ఎవరైనా?' అని అడిగింది. సగం మందిమి చేతులెత్తినాం, మా మేనత్త వాళ్ళది ఆ పక్క ఊరే. 'ఈ నవల్లో దయానిధి మన సీమకి డాక్టరుగా వస్తాడు, వజ్రం దొరుకుతుంది. రాసినాయన అనంతపురం కాలేజీలో పాఠాలు చెప్పినాడు, ఈ రాళ్ళు చూసినాడు' అంది. అంతే, ఆ వారం లైబ్రరీలో ఉన్న కాపీకి వరసలో పేర్లు రాసుకోవాల్సొచ్చింది. నాకు నవల మొదటి సగం నిజంగా కష్టమైంది, అమృతం దగ్గరికి వచ్చేసరికి వదల్లేకపోయినాను. పరుగెత్తి పోయి ఆపాకి చెప్పినాను, 'మన సీమ వచ్చింది ఆపా ఒక నవల్లో' అని. 'రాళ్ళేనా, మనుషులు కూడా వచ్చినారా?' అని అడిగింది. అంత సూటిగా ఎవరడుగుతారు.

2009 అక్టోబర్ 2. కర్నూలు వాళ్ళకి ఆ తేదీ చెప్పాల్సిన పని లేదు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి పొంగి, కింద శ్రీశైలం నిండి నీళ్ళు వెనక్కి తన్ని, ఊరు మునిగిపోయింది. నేనప్పటికే అనంతపురంలో ఉన్నాను, ఫోన్లు కలవలేదు. అమ్మానాన్న మిద్దె మీదికెక్కి బతికినారు, మా వీధిలో అందరూ అట్లాగే మిద్దెల మీద నుంచి మిద్దెల మీదికి పలకరించుకుంటూ ఉన్నారు. దారులు తెరుచుకున్నాక పోయి చూస్తే ఇంట్లో మోకాలి లోతు బురద. ట్రంకు పెట్టె మూత తీసినాం. మైదా జిగురు కదా, నీళ్ళకి కరిగి మళ్ళీ పట్టేసి ప్రతి బైండూ ఇటుకలాగా గట్టిపడిపోయింది, ఏ పేజీ రాలా. అమ్మ ఒక్కోటి చేతిలోకి తీసుకుని, పైన అక్షరాలు కూడా పోయినాయి కదా, అట్ట గుడ్డని చూసి పేరు చెప్పింది. 'ఇది నీ నీలం గౌను గుడ్డ, ఇది జీవనతరంగాలు.' అన్నీ వీధిలో పోసినారు, అందరిళ్ళవీ, పరుపులు బియ్యం సంచులు పుస్తకాలు కలిపి, మున్సిపాలిటీ ట్రాక్టర్ తీసుకుపోయింది. అద్దె లైబ్రరీ అంతకు చాలా ముందే మూసేసినారు, ఆ పుస్తకాలు ఎవరు కొన్నారో.

కరెంటు లేని ఆ రాత్రులు మిద్దె మీద పడుకున్నప్పుడు ఆపా మా దగ్గరికే వచ్చేది, ఆమె మిషను కూడా బురదలో పోయింది. ఎవరికీ నిద్ర పట్టదు. ఒక రాత్రి అమ్మ, సెక్రటరీలో ఆ ఘట్టం ఎట్లుంటుందే అని నన్నడిగింది, నాకు సరిగ్గా గుర్తు రాలేదు. ఆపా మొదలుపెట్టింది. ఎవరు ఏమన్నారు, తర్వాత ఎవరొచ్చినారు, మొత్తం చెప్పుకుంటూ పోయింది. చదివినవాళ్ళం మేమంతా మర్చిపోయినాం, చదవడం రాని ఆపాకి అన్నీ ఉన్నాయి, నేను చదివి వినిపించిన గొంతుతో సహా. పక్క మిద్దెల మీద వాళ్ళు కూడా లేచి కూర్చున్నారు. రోజూ రాత్రి ఒకటి చెప్పేది, సహాయం తెచ్చే లారీల గురించి మాట్లాడుకోవడం అయిపోయినాక. పొద్దున బురద ఎత్తేటప్పుడు వీధిలో ఆడవాళ్ళు నిన్న రాత్రి చెప్పిన దాని మీద వాదించుకునేవాళ్ళు, పారలు పట్టుకునే.

2018 మే నెలలో యద్దనపూడి గారు పోయినారని వార్త వచ్చినప్పుడు నాకు వరసగా ఫోన్లొచ్చినాయి, బెంగళూరులో ఉన్న టీచరమ్మ కూతురు, నంద్యాలలో ఉన్న పిన్ని, మామ. ఆపా అప్పటికి లేదు. మేమందరం ఫోన్లో రచయిత్రి గురించి మొదలుపెట్టి చివరికి ఆపా గురించే మాట్లాడుకున్నాం.

ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఆపా అడిగిన ప్రశ్నకి జవాబులు వస్తున్నాయి ఈ మధ్య, అదే నాకు సంతోషం. బండి నారాయణస్వామి గారి శప్తభూమి మా ఆఫీసులో ఒక కొలీగ్ ఇచ్చినాడు, హండే రాజుల కాలం నాటి అనంతపురం సీమ, 2019లో కేంద్ర సాహిత్య అకాడెమీ వచ్చింది దానికి. 'మేడం, రాజుల కథ అనుకోవద్దు, కింద మనుషుల కథ' అని చెప్పి ఇచ్చినాడు, ఆ ఒక్క మాటతో అది సరిగ్గా ఎట్లా చదవాలో తెలిసిపోయింది. అమ్మకి రోజూ కొంత చదివి వినిపించినాను. మధ్యలో ఆపి, 'మా అవ్వ ఇట్లనే మాట్లాడేది' అంది, చదివిన పేజీ మళ్ళీ చదివించుకుంది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి కొండపొలం మీద మాత్రం నాకూ పిన్నికీ ఇంకా తెగలేదు. కరువొచ్చినప్పుడు గొర్రెల్ని తోలుకుని నల్లమల కొండకి పోవడం, అదంతా ఆమె నంద్యాల నుంచి రోజూ కనపడే కొండే. ఆమె ముందు సినిమా చూసి తర్వాత నవల చదివింది, సినిమాలో కలిపిన ప్రేమకథ పుస్తకంలో లేదని ఆమెకి వెలితి. నేనంటాను, గొర్రెలకీ ఆ పిల్లోడికీ మధ్య ఉన్నదే చాలు, ఇంకో ప్రేమ ఎందుకని. వారం వారం ఫోన్లో ఇదే. మొన్న కొత్త వాదన తెచ్చింది, పులి వచ్చే చోట్లు నవల్లోనే ఎక్కువ భయపెట్టినాయని. అది నేనూ ఒప్పుకున్నా.

ఇది చదివే వాళ్ళని ఒకటి అడగాలి. అమ్మకి కంటి ఆపరేషన్ అయింది, ఇప్పుడు బాగా కనపడుతోంది, తనే చదువుకుంటానంటోంది, అదీ తులసిదళం. షాపులో దొరికే పుస్తకం కొనిచ్చినాను, వద్దంది, వీక్లీలో వచ్చినప్పటి బొమ్మలతో కావాలంట, వారం వారం ఎక్కడ ఆపినారో అక్కడే ఆపి చదువుతుందంట. మీ ఇళ్ళల్లో, మీ అమ్మమ్మల ట్రంకు పెట్టెల్లో ఆంధ్రభూమి సీరియల్ బైండు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. నేనే వచ్చి తీసుకుంటాను, జిరాక్సు తీయించుకుని అట్లాగే తిరిగి ఇచ్చేస్తాను. అట్ట ఊడిపోయి ఉన్నా పర్లేదు, పాతూరు షాపాయనతో మాట్లాడి పెట్టినాను, మళ్ళీ కొత్తగా బైండు చేయించే ఇస్తాను.